జనరేటర్ స్టార్ట్ కావడం లేదా? ముందు తాడు వదలండి

(మహబూబ్‌నగర్‌లో టెంట్‌హౌస్, మైక్‌సెట్, లైటింగ్ పని చేసేవారు ఆషాఢం చివర్లో పెట్టుకున్న సమావేశంలో ఒక ఇంజను మెకానిక్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, లోపలికి రండి, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కుర్చీలు కిరాయికి ఇచ్చేవాళ్ల సమావేశంలో మనుషులు నిలబడి ఉంటే చూసినవాళ్లు నవ్వుతారు.

నన్ను పిలిచినవారు జనరేటర్ రిపేరు గురించి చెప్పమన్నారు. అంతా చెప్పడానికి ఒక పూట చాలదు. అందుకని ఒక్క సంగతే తీసుకుంటాను. స్టార్ట్ కాని జనరేటర్. అదీ పెట్రోలుతో నడిచేది, తాడు లాగితే స్టార్ట్ అయ్యేది, ఇద్దరు చెరో పక్క పట్టుకుని ట్రాలీ ఆటోలోకి ఎక్కించగలిగేది. మీలో చాలామంది దగ్గర ఉన్నది అదే కదా? పెద్ద డీజిల్ జనరేటర్ల గురించి చివర్లో ఒకటి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీ జనరేటర్ ఎప్పుడు మొరాయిస్తుంది? చెప్పండి, మొహమాటం వద్దు. పెళ్లి రోజే అంటున్నారా? అవును, పెళ్లి రోజే. తలంబ్రాల వేళకు కరెంటు పోతుంది, మీ కుర్రవాడు తాడు లాగుతుంటాడు, పెళ్లికూతురి మేనమామ వచ్చి మీ మీద అరుస్తుంటాడు. కానీ ఆ జనరేటర్ ఆ రోజు చెడిపోయిందా? కాదు. అది జ్యేష్ఠంలో చివరి పెళ్లి చేసి వచ్చింది, దాన్ని తెచ్చి గోదాములో షామియానా మూటల పక్కన పెట్టారు. ఆషాఢమంతా ముహూర్తాలు లేవు. ఆ నెలలోనే అది చెడిపోయింది. శ్రావణంలో మొదటి పెళ్లికి తీసుకెళ్లినప్పుడు మీకు ఆ సంగతి తెలిసింది. మూఢం వచ్చిన ఏడాది ఇంకా ఎక్కువ. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. చిన్న జనరేటర్ నడిచి చెడిపోవడం తక్కువ, నడవక చెడిపోవడం ఎక్కువ.

పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకు గుర్తుంటుంది. తెలంగాణ రాకముందు ఎండాకాలంలో కరెంటు కోతలు ఎలా ఉండేవి? అప్పుడు జనరేటర్ రోజూ నడిచేది. జిరాక్స్ దుకాణం ముందు ఒకటి, ఫోటో స్టూడియో ముందు ఒకటి, బజారంతా పొగే. రోజూ నడిచేది కాబట్టి రోజూ స్టార్ట్ అయ్యేది. రాష్ట్రం వచ్చాక కరెంటు బాగుపడింది, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు ఇచ్చారు. మంచిదే. కానీ మన జనరేటర్‌కు పని తగ్గింది. ఇప్పుడు దాన్ని ఎప్పుడు తీస్తున్నాం? గాలివాన వచ్చి స్తంభాలు పడిపోయిన రాత్రి తీస్తున్నాం, కరెంటు లైను లేని చోట జాతర జరిగితే తీస్తున్నాం. అంటే అది తప్పకుండా నడవాల్సిన రోజున మాత్రమే దాన్ని ముట్టుకుంటున్నాం. 

సరే, స్టార్ట్ కాలేదు. మొదట ఏం చేయాలి? తాడు వదలాలి. అవును, వదలాలి. నాలుగైదు సార్లు లాగితే అందుకోని ఇంజను నలభై సార్లు లాగినా అందుకోదు. పైగా చోక్, అంటే గాలి తగ్గించే మీట, మూసి ఉంచి లాగిన కొద్దీ సిలిండర్‌లోకి పెట్రోలు పోతూనే ఉంటుంది, నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్ తడిసిపోతుంది, అసలు తప్పు ఒకటుంటే దాని మీద మీరు రెండోది చేర్చినట్టవుతుంది. లాగే కుర్రవాడు ఆవేశంగా లాగుతాడు, తాడు తెగుతుంది, లోపలి స్ప్రింగు బయటికొస్తుంది. ఇక రాత్రి పదకొండు గంటలకు దాన్ని ఎవరు చుడతారు?

తాడు వదిలి, చూడండి. స్విచ్ ఆన్‌లో ఉందా? పెట్రోలు కాక్, అంటే ట్యాంకు కింది కుళాయి, తెరిచి ఉందా? నవ్వుతున్నారు, నవ్వండి. నా దగ్గరికి ఆటో కిరాయి పెట్టుకుని తెచ్చిన వాటిలో కాక్ మూసి ఉన్నవి కూడా ఉన్నాయి. తర్వాత లోడ్ చూడండి. స్టార్ట్ చేసేటప్పుడు లైట్లు, ఆంప్లిఫయర్, కూలర్ ఏవీ తగిలించి ఉండకూడదు. ఎంసీబీ, అంటే జనరేటర్ మీది కరెంటు స్విచ్, దించి, ఇంజను అందుకుని, ఒకటి రెండు నిమిషాలు నిలకడగా నడిచాక ఎత్తండి.

తర్వాత ఇంజనాయిల్. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, ఎందుకంటే మంచి జనరేటర్లు ఉన్నవాళ్లను ఇదే మోసగిస్తుంది. ఇప్పుడు వచ్చే వాటిలో చాలావరకు ఆయిల్ సెన్సర్ ఉంటుంది. ఇంజను అడుగున ఆయిల్ తగ్గితే అది స్పార్కును ఆపేస్తుంది. ఇంజను కాలిపోకుండా కంపెనీ పెట్టిన కాపలా అది. కానీ బయటికి ఏం కనిపిస్తుంది? ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, ప్లగ్ కొత్తది, తాడు లాగితే ఇంజను తిరుగుతోంది, ఒక్కసారి కూడా అందుకోదు. మీరు ప్లగ్ మారుస్తారు, కాయిల్ మారుస్తారు, డబ్బులు పోతాయి. అసలు తక్కువైంది అరలీటరు ఆయిల్. ఇంకొక చిత్రం ఉంది. ఆయిల్ సరిపడా ఉన్నా జనరేటర్ వాలులో ఉంటే ఆయిల్ ఒక పక్కకు పోతుంది, సెన్సర్ తక్కువుందనుకుంటుంది. మన్యంకొండ దారిలోనో, కురుమూర్తి జాతరలో కొండ కిందో పెట్టారనుకోండి. నేల చదునుగా ఉండదు కదా? అటు రెండు ఇటుకలు పెట్టి సమంగా నిలబెట్టండి, స్టార్ట్ అవుతుంది. ఆయిల్ కొలిచేటప్పుడు కూడా సమంగానే ఉండాలి. కొన్ని ఇంజన్లలో కొలపుల్లను మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి, కొన్నింటిలో బిగించి చూడాలి. మీ దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం పారేయకండి అన్నా, దాచుకోండి.

పెట్రోలు సంగతి

ఇక అసలు కథకు వస్తాను. ట్యాంకులో పెట్రోలు ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెబుతారు. ఎప్పటిది అని అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. ఎప్పటిదో ఎవరికీ తెలియదు.

పెట్రోలు నిలవ ఉంటే ఏమవుతుంది? దానిలో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. చల్లటి ఇంజను మొదటి లాగుకు అందుకోవాలంటే కావలసింది ఆ భాగమే. మిగిలింది గాలి తగిలి చిక్కబడుతుంది, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ గిన్నెలో తుమ్మబంకలా అడుగుకు పట్టుకుంటుంది. దానిలో పెట్రోలు దూరే జెట్టు రంధ్రం ఎంత ఉంటుంది? మిల్లీమీటరు కూడా ఉండదు. నిదానంగా నడిచేటప్పుడు పెట్రోలు వెళ్లే చిన్న జెట్టు ఇంకా సన్నం. దానికి అడ్డుపడటానికి ఎంత బంక కావాలి?

దీనికి తోడు ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలు ఇరవై ఏళ్ల కిందటి పెట్రోలు కాదు. దానిలో ఇథనాల్ కలుస్తోంది. 2022లో 10 శాతానికి వచ్చింది, 2023లో 20 శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, 2025 కల్లా 20 శాతం మామూలైపోయింది. ఇథనాల్ మంచిదా చెడ్డదా అనే వాదన నాకు వద్దు, దాన్ని ఎవరైనా టీవీలో చేస్తారు. మన పనికి తెలియాల్సింది ఒక్కటే. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. గాలిలో తేమను కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. ట్యాంకు మూత సరిగా లేక వాన చినుకులు పడ్డాయనుకోండి, ఆ నీరు ఒక హద్దు దాటాక, ఇథనాల్ ఆ నీటిని వెంటేసుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగిపోతుంది. పెట్రోలు కాక్ ఎక్కడుంది? అడుగునే ఉంది. కార్బురేటర్‌లోకి ముందు పోయేదేమిటి? ఆ నీళ్ల మడ్డి. ఆషాఢంలో వానలు, జనరేటర్ రేకుల షెడ్డులో, ట్యాంకు సగం ఖాళీ. ఇక శ్రావణంలో స్టార్ట్ అవుతుందని ఎలా అనుకుంటున్నారు?

దీన్ని మీరే పరీక్ష చేయవచ్చు. కార్బురేటర్ గిన్నె కింద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, డ్రెయిన్ స్క్రూ. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, దగ్గర్లో బీడీ, దీపం ఏమీ లేకుండా చూసుకుని, కింద గాజు సీసా పట్టి ఆ స్క్రూ వదులు చేయండి. ప్లాస్టిక్ గ్లాసు వద్దు, కొన్ని కరుగుతాయి, పైగా కనిపించదు. సీసాను వెలుతురుకు పెట్టి చూడండి. రెండు పొరలుగా కనిపిస్తే, అడుగున గోళీల్లా చుక్కలు తిరుగుతుంటే, నీరుంది. వాసన చూడండి. కొత్త పెట్రోలు వాసన మీకు తెలుసు. పాతది వార్నిష్ కంపు కొడుతుంది. అసలు ఏమీ కారలేదనుకోండి, అది కూడా జవాబే. గిన్నెలోకి పెట్రోలు రావడం లేదు. కాక్ కింద చిన్న గిన్నె ఉంటుంది, దానిలో జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు, పైపు మడత పడి ఉండవచ్చు, గిన్నెలోకి పెట్రోలు వదిలే ఫ్లోట్ సూది అతుక్కుపోయి ఉండవచ్చు.

ట్యాంకులో ఉన్నది చెడిందని తేలితే కొంచెం కొత్తది పైన పోసి సరిపెట్టకండి. పూర్తిగా దించేయండి, కొత్త పెట్రోలు పోయండి. ఈ ఒక్క పనితో స్టార్ట్ అయ్యేవి చాలా ఉంటాయి. కాకపోతే కార్బురేటర్ విప్పాల్సిందే.

విప్పే ముందు ఒక చిన్న పరీక్ష చెబుతాను, దీన్ని గుర్తుపెట్టుకోండి, చాలా డబ్బు మిగులుతుంది. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో టీ చెంచాలో సగం కొత్త పెట్రోలు పోయండి. ప్లగ్ మళ్లీ బిగించి, చిందినది తుడిచి, తాడు లాగండి. రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోయిందా? అయితే స్పార్కు ఉంది, కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే బిగువు, ఉంది, పెట్రోలే అందడం లేదు. నేరుగా కార్బురేటర్ దగ్గరికి వెళ్లండి, మిగతావి ముట్టుకోకండి. కిక్కురుమనలేదా? అయితే స్పార్కు చూడండి. మెకానిక్ చేసేదంతా ఇదే అన్నా. ఎక్కడ చూడాల్సిన పని లేదో ముందు తేల్చుకుంటాడు.

కార్బురేటర్ విషయంలో రెండే మాటలు. జెట్టు రంధ్రంలో సూది, స్టీలు తీగ పెట్టి గుచ్చకండి. జెట్టు ఇత్తడిది, మెత్తన. రంధ్రం కొంచెం పెద్దదైతే ఇక ఆ ఇంజను జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నల్లపొగ వదులుతుంది. వైరు ఒలిస్తే వచ్చే సన్నటి రాగి పోగు ఒక్కటి చాలు, ఆపైన కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, గాలి. జెట్టును వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, నిండుగా కనిపించాలి. రెండో మాట. చోక్ మూసి ఉంచితేనే నడుస్తోంది, తెరవగానే ఆగిపోతోంది అని చాలామంది చెబుతారు. అంటే జెట్టు సగం మూసుకుపోయింది. చోక్ మూసినప్పుడు గాలి తగ్గి, వస్తున్న కొద్ది పెట్రోలే సరిపోతోంది. అలాగే చోక్ మీదే పెళ్లి గడిపేసేవాళ్లున్నారు. గడుస్తుంది. కానీ జెట్టు పని జెట్టుకు మిగిలే ఉంటుంది.

ఇప్పుడు స్పార్కు. ప్లగ్ విప్పి చేతిలో పట్టుకుంటే అదే సగం కథ చెబుతుంది. లేత ఇటుక రంగు ఉంటే బాగుంది. పొడిగా, మసిపట్టినట్టు నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా గాలి తక్కువ వస్తోంది. తడిగా, పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు అందుతోంది, అది మండటం లేదు. ఎన్నిసార్లు లాగినా ఎండిపోయి ఉంటే పెట్రోలే రావడం లేదు. చూశారా, ఒక్క ప్లగ్‌తో ఎటు వెళ్లాలో తెలిసింది. ప్లగ్ కొనల మధ్య ఖాళీ చాలా చిన్న ఇంజన్లకు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ కొనుక్కోండి, ఖరీదు పెద్దది కాదు.

స్పార్కు పరీక్షకు ప్లగ్‌ను దాని టోపీకి తగిలించి, లోహపు భాగం ఇంజను బాడీకి ఆనించి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టుకుని తాడు లాగించాలి. ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా, దానికి గుడ్డ అడ్డం పెట్టి చేయాలి. అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ పెడితే ఏమవుతుందో నేను చెప్పాలా? మెరుపు నీలంగా, గట్టిగా ఉండాలి. పసుపుగా, నీరసంగా ఉంటే ముందు ప్లగ్ మార్చి చూడండి. అసలే లేకపోతే ఆయిల్ ఇంకోసారి చూడండి. ఆయిల్ బాగుందంటే స్విచ్ తీగ చూడండి. మనది గోదాము, గోదాములో గుడ్డలుంటాయి, గుడ్డలుంటే ఎలుకలుంటాయి. స్విచ్ తీగ తొడుగు ఎలుక కొరికి, లోపలి రాగి బాడీకి తగిలిందంటే స్విచ్ ఆఫ్ చేసినట్టే, స్పార్కు రాదు. పరీక్ష కోసం ఆ తీగ ఊడదీసి చూడవచ్చు. స్పార్కు వస్తే దొంగ దొరికినట్టే. కానీ ఆ తీగ లేకుండా ఇంజను నడిస్తే స్విచ్‌తో ఆగదు, పెట్రోలు కాక్ మూసి ఆపాలి. అది మర్చిపోకండి, తర్వాత తీగ అతికించడమూ మర్చిపోకండి.

గాలి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాక, కొంచెం ఇంజనాయిల్ పట్టించి గట్టిగా పిండి పెట్టాలి. కాగితపుదైతే ఉతకకూడదు, దులపాలి, మరీ మట్టికొట్టుకుపోతే మార్చాలి. మన జాతరల్లో ఎర్రదుమ్ము ఎంత లేస్తుందో మీకు తెలుసు. గాలి లోపలికి వచ్చే దారి చూశారు, బయటికి పోయే దారి ఎవరైనా చూస్తారా? సైలెన్సర్ గొట్టంలో కుమ్మరిపురుగు మట్టిగూడు కడుతుంది. నెలలపాటు కదలని జనరేటర్ దానికి మంచి ఇల్లు. ఫిల్టర్ డబ్బాలో ఎలుక గుడ్డపీలికలు పేర్చిపెట్టడం కూడా నేను చూశాను. ఒకసారి టార్చి వేసి చూడండి, అర నిమిషం పని.

ఇప్పుడు తాడు బిగుసుకుపోయే సంగతి. "మెకానిక్ గారూ, తాడు రావడం లేదు, ఇంజను పట్టేసింది" అని ఏడుపు మొహంతో వస్తారు. నేను మొదట అడిగేది, ఎలా తెచ్చారు? ఆటోలో చోటు లేక పక్కకు పడుకోబెట్టి తెచ్చాం అంటారు. పడుకోబెడితే అడుగునున్న ఆయిల్ పైకి పాకి సిలిండర్‌లోకి, ఫిల్టర్‌లోకి పోతుంది. గాలి నలుగుతుంది గానీ ఆయిల్ నలగదు కదా? పిస్టన్ పైకి రాలేదు, తాడు ఆగిపోతుంది. అప్పుడు బలంగా లాగకండి. ప్లగ్ విప్పండి, స్విచ్ ఆఫ్ చేయండి, ఆ రంధ్రం ముందు మొహం పెట్టకుండా నిదానంగా తాడు లాగండి. ఆయిల్ బయటికి కక్కేస్తుంది. ఫిల్టర్ తుడిచి, ప్లగ్ కడిగి, ఆయిల్ మట్టం చూసి పోసుకుని స్టార్ట్ చేయండి. కాసేపు తెల్లపొగ వస్తుంది, భయపడొద్దు. ప్లగ్ తీసినా తాడు కదలడం లేదంటే మాత్రం నిజంగానే పట్టేసింది, లేదా తాడు చుట్టిన భాగమే చెడింది. అది షాపు పని.

అలాగే తాడు మరీ తేలికగా వస్తుంటే? బిగువే లేకుంటే? కంప్రెషన్ లేదు. రింగులు అరిగి ఉండవచ్చు, వాల్వు సరిగా మూసుకోక ఉండవచ్చు. ఒక చెంచా ఇంజనాయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి లాగితే బిగువు పెరిగిందా, రింగుల మీద అనుమానం. పెరగలేదా, వాల్వుల మీద. వాల్వు ఖాళీ సరిచేయడం చేతనైనవాళ్లే చేయాలి. అంకెలు చాలా చిన్నవి. పాత హోండా జీఎక్స్160 రకం ఇంజనుకు లోపలికి పీల్చే వాల్వుకు 0.15, పొగ వదిలే వాల్వుకు 0.20 మిల్లీమీటర్లు. మీ ఇంజను అంకె వేరే ఉండవచ్చు, పుస్తకం చూడండి.

ఇక స్టార్ట్ అయి ఆగిపోయేది. పావుగంట బ్రహ్మాండంగా నడుస్తుంది, గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తుంది. ఇది ఎవరికైనా ఉందా? చేతులు లేస్తున్నాయి. ట్యాంకు మూతలో గాలి పోవడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, పెట్రోలు దిగే కొద్దీ ట్యాంకులోకి గాలి రాక, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడు మూత వదులు చేసి చూడండి, ఉస్సుమని గాలి పీలిస్తే అదే జబ్బు. కొన్ని మూతల మీద ఆన్, ఆఫ్ అని మీట ఉంటుంది, దాన్ని తిప్పడం మరిచినా ఇదే జరుగుతుంది.

ఇంకొకటి, వేడి ఇంజనుకు చోక్ అక్కర్లేదు. బరాత్ మధ్యలో పెట్రోలు కోసం ఆపారు, అయిదు నిమిషాల తర్వాత అలవాటుగా చోక్ మూసి లాగారు. పెట్రోలు ఎక్కువై ప్లగ్ తడుస్తుంది. అప్పుడు చోక్ పూర్తిగా తెరిచి, పెట్రోలు కాక్ మూసి కొన్నిసార్లు లాగండి, లేదా ప్లగ్ తీసి తుడిచి ఆరనివ్వండి. అందుకున్నాక కాక్ తెరవండి.

ఒక్క విన్నపం. స్టార్ట్ కాలేదని కనిపించిన స్క్రూ అల్లా తిప్పకండి. ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్క్రూ ముఖ్యంగా. ఈ ఇంజన్లలో చాలావరకు నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. దాన్ని తిప్పి వేగం పెంచితే ఇంజను అరుపు బాగుంటుంది, ఆంప్లిఫయర్ కాలుతుంది. మైక్‌సెట్ అన్నలు తలలు ఊపుతున్నారు, అనుభవం ఉన్నట్టుంది.

కిరోసిన్ జనరేటర్లు ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఉంటే, అవి పెట్రోలుతో స్టార్ట్ అయి కిరోసిన్‌తో నడుస్తాయి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడిపి ఆపాలి, లేకపోతే కార్బురేటర్‌లో కిరోసిన్ మిగిలి మర్నాడు మొండికేస్తుంది. డీజిల్‌వి అయితే, ఒకప్పుడు బావి మీద ఆయిల్ ఇంజను నడిపిన రైతుబిడ్డలు మీలో ఉన్నారు, వాళ్లకు నేను చెప్పేదేముంది? ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపులో గాలి పడుతుంది, నట్టు వదులు చేసి గాలి తీయాలి. తాళంచెవితో స్టార్ట్ అయ్యే వాటికి బ్యాటరీ. టకటకమని చప్పుడు చేసి ఆగిపోతే ముందు టెర్మినళ్ల తుప్పు గీకండి.

ప్రమాదాల గురించి చెప్పకుండా దిగను. జనరేటర్ వానలో తడుస్తుందని గదిలో, ఫంక్షన్ హాలు మెట్ల కింద, వంటశాల పక్కన పెట్టి నడపకండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, మత్తు, ఆ తర్వాత లేవరు. కిటికీ తెరిచాం అంటే సరిపోదు. బయట, మనుషులకు దూరంగా, పైన రేకు కప్పి నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టండి. నడుస్తుండగా పెట్రోలు పోయకండి. ఆపి, చల్లారనిచ్చి పోయండి. కస్టమర్ తొందరపెడతాడు, పెట్టనివ్వండి.

రెండు పక్కలా పిన్నులున్న వైరు, అది మీలో ఎవరి సంచిలో ఉందో నేను అడగను. జనరేటర్ కరెంటును ఇంటి సాకెట్లోకి ఎక్కిస్తే అది మీటరు దాటి బయటి లైనులోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అది వేల ఓల్టులవుతుంది. గాలివాన రాత్రి స్తంభం ఎక్కిన లైన్‌మన్ లైను చచ్చిపోయి ఉందనుకుని చెయ్యి వేస్తాడు. ఇక్కడ కరెంటు ఆఫీసులో పనిచేసే బంధువులు లేనివాళ్లు ఎవరు? జనరేటర్ కరెంటు, బయటి లైను కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి, లేదా నేరుగా బోర్డుకు తగిలించండి, ఇంటి వైరింగును ముట్టుకోకండి.

ఇక వచ్చే మూఢానికి ముందు ఏం చేయాలో వినండి. చివరి పెళ్లి చేసి వచ్చిన మర్నాడే, ఇంజను చల్లబడ్డాక ట్యాంకులోని పెట్రోలు దించేయండి, మీ బండిలో పోసుకోండి. తర్వాత స్టార్ట్ చేసి, మిగిలినది అయిపోయి దానంతట అది ఆగేదాకా నడపండి. గిన్నె స్క్రూ విప్పి చివరి చుక్కలు కారనివ్వండి. ఆయిల్ మార్చే సమయం వస్తే అప్పుడే మార్చండి. చాలా చిన్న ఇంజన్లకు కొత్తగా కొన్నాక 20 గంటలకు మొదటిసారి, తర్వాత ప్రతి 100 గంటలకు. సైలెన్సర్‌కు గుడ్డ కట్టండి, ఆ గుడ్డ సంగతి చీటీ మీద రాసి తాడుకు వేలాడదీయండి, లేకపోతే శ్రావణంలో గుడ్డతోనే లాగుతారు. ఇంత చేయలేం అంటారా? అయితే రెండు మూడు వారాలకోసారి కొత్త పెట్రోలుతో అరగంట, లోడ్ పెట్టి నడపండి. ఊరికే అయిదు నిమిషాలు తిప్పి ఆపితే లాభం లేదు, ఇంజను వేడెక్కాలి.

ప్రశ్నలు అడుగుతామన్నారు. ఆ చివరి తమ్ముడు అడిగింది అందరికీ వినపడలేదు, ఇంజను స్టార్ట్ అవుతుంది కానీ కరెంటు రావడం లేదు, ఏం చేయాలి అంటున్నాడు. అది వేరే జబ్బు తమ్ముడూ. ఎంసీబీ పడిపోయిందేమో ముందు చూడు. అది కాకపోతే బ్రష్షులు, ఓల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్, కొన్నింటిలో కెపాసిటర్. చాలాకాలం నడవని వాటిలో లోపల మిగిలి ఉండాల్సిన కొద్దిపాటి అయస్కాంతశక్తి పోయి కరెంటు పుట్టదు, బ్యాటరీతో దాన్ని మళ్లీ ఎక్కించాలి. అది నువ్వు ఇంట్లో చేయకు, తీసుకురా.

అక్క అడిగింది మంచి ప్రశ్న, దించేసిన పాత పెట్రోలును ఏం చేయాలి అని. నీరు లేకుండా, కంపు కొట్టకుండా ఉంటే ఎక్కువ కొత్త పెట్రోలులో కొంచెం కలిపి వాడుకోవచ్చు. చెడిపోయినదైతే మోరీలో పోయకండి, చేను గట్టున పోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టి, దగ్గరి మెకానిక్‌కు ఇవ్వండి. విడిభాగాలు కడగడానికి పనికొస్తుంది. మంచినీళ్ల సీసాలో మాత్రం పోయకండి, ఎవరో ఒకరు తాగుతారు.

చాలు, ఇక మాటలు ఎందుకు? గేటు దగ్గర మూడు జనరేటర్లు తెచ్చిపెట్టారు, మూడూ స్టార్ట్ కావడం లేదట. గాజు సీసా ఒకటి, పది నంబరు, పన్నెండు నంబరు పానాలు, ప్లగ్ పానా తీసుకుని రండి. ఫోన్లు, బీడీలు ఇక్కడే పెట్టి రండి.